దొర్లే రాళ్ళ బాకీ పద్దు

2003 ఏప్రిల్ 4, శుక్రవారం. అప్పట్లో నేను హోసూరు నుంచి రోజూ బస్సులో బెంగుళూరు వెళ్ళి ఒక బ్యాంకు శాఖలో ఆఫీసరుగా పనిచేసేవాణ్ణి. మధ్యాహ్నం క్యాష్ లెక్క ఇంకా ముగియలేదు. కౌంటరులో కూర్చునే కుర్రాడు నా టేబిలు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"సార్, ఇవాళ కొంచెం ముందు వెళ్ళాలి. ప్యాలెస్ గ్రౌండ్స్‌లో రోలింగ్ స్టోన్స్ కచేరీ."

"ఎవరయ్యా వాళ్ళు? కొత్త కుర్రాళ్ళా?"

"కుర్రాళ్ళా! పాడే ఆయనకు యాభై తొమ్మిది సార్. డ్రమ్స్ వాయించే ఆయనకు అరవై ఒకటి. మీరూ రండి సార్."

నేను నవ్వాను. మా బ్యాంకులో అరవై నిండితే దండ వేసి, శాలువా కప్పి ఇంటికి పంపిస్తారు. ఆ వయసులో గిటారు మెడకు తగిలించుకుని లండన్ నుంచి బెంగుళూరు దాకా వచ్చే మనుషులుంటారా అనుకున్నాను. కుర్రాణ్ణి పంపించాను గాని, నేను వెళ్ళలేదు. బస్సెక్కి హోసూరు వచ్చేశాను.

మర్నాడు శనివారం, సగం పూట పని. కుర్రాడు గొంతు బొంగురుపోయి వచ్చాడు. నా చేతిలో ఒక క్యాసెట్ పెట్టి, "వినండి సార్, వీళ్ళ మొదటి రికార్డు" అన్నాడు. పాటలు వినడం సంగతి తర్వాత. వృత్తి అలవాటు కొద్దీ నేను ముందు చూసింది పెట్టెలోని కాగితం, అందులో చిన్న అక్షరాలు. అప్పు పత్రంలో పెద్ద అక్షరాలు ఎవరైనా చదువుతారు. ఆఫీసరు చదవవలసింది చిన్న అక్షరాలే. ప్రతి పాట పక్కనా రాసినవారి పేరుంది. మొత్తం 12 పాటలు. వాటిలో 9 ఆ బృందానివి కావు. డిక్సన్, బెర్రీ, రీడ్, థామస్... ఎవరు వీళ్ళంతా?

ఆ ప్రశ్న నన్ను ఇరవై ఏళ్ళకు పైగా వదలలేదు. రోలింగ్ స్టోన్స్ చరిత్ర రాసినవారు చాలామంది ఉన్నారు. మత్తుమందులు, పోలీసు కేసులు, పెళ్ళిళ్ళు, విడాకులు, కోట్ల రూపాయల టికెట్లు - ఇవన్నీ ఆ పుస్తకాల్లో ఉంటాయి. నేను బి.కాం. చదివినవాణ్ణి. ఆ బృందం నడిచిన దారిలో మైలురాళ్ళను నాకు తెలిసిన భాషలోనే లెక్కపెడతాను: ఎవరి దగ్గర తెచ్చారు, ఎవరి పేర రాశారు, ఎప్పుడు తీర్చారు.

అప్పుతో ప్రారంభం

1961 అక్టోబరు 17. లండన్‌కు దగ్గరలోని డార్ట్‌ఫర్డ్ రైల్వే స్టేషను. చిన్నప్పుడు ఒకే బడిలో చదివి తర్వాత విడిపోయిన ఇద్దరు కుర్రాళ్ళు ప్లాట్‌ఫారం మీద మళ్ళీ కలిశారు. ఒకడు మిక్ జాగర్. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ విద్యార్థి. రెండోవాడు కీత్ రిచర్డ్స్. బొమ్మల కాలేజీలో చదువు. జాగర్ చంకలో ఉన్న గ్రామఫోను రికార్డులు చూసి రిచర్డ్స్ ఆగిపోయాడు. ఒకటి చక్ బెర్రీది, ఇంకొకటి మడ్డీ వాటర్స్‌ది. ఇంగ్లండులో ఆ రికార్డులు సులభంగా దొరికేవి కావు. జాగర్ అమెరికాలోని చికాగోకు, చెస్ రికార్డ్స్ అనే కంపెనీకి ఉత్తరం రాసి తెప్పించుకునేవాడు.

ఈ చెస్ కంపెనీ గురించి, మడ్డీ వాటర్స్ గురించి ఒక మాట చెప్పాలి. మడ్డీ వాటర్స్ అసలు పేరు మెకిన్లీ మోర్గన్‌ఫీల్డ్. మిసిసిపీ రాష్ట్రంలో పత్తి తోటల్లో పెరిగిన నల్లజాతి మనిషి. 1943లో ఊరు వదిలి పని వెతుక్కుంటూ ఉత్తరాన చికాగో చేరాడు. ఆ రోజుల్లో లక్షల మంది నల్లవారు అలాగే దక్షిణాది పల్లెలు వదిలి ఉత్తరాది నగరాలకు వెళ్ళారు. వెళ్తూ తమ పాటను కూడా తీసుకువెళ్ళారు. ఆ పాటే బ్లూస్. పొలం గట్టున మామూలు గిటారు మీద పాడిన పాట, నగరపు రొదలో వినబడదు గనుక, కరెంటు గిటారు ఎక్కింది. దాన్ని రికార్డు చేసి అమ్మిన లియొనార్డ్ చెస్, ఫిల్ చెస్ అనే అన్నదమ్ములు కూడా పోలండ్ నుంచి వలస వచ్చిన యూదులు. పాడినవాడూ వలసే, అమ్మినవాడూ వలసే. ఊరు వదిలి వచ్చిన వాళ్ళు మాటను, పాటను ఎంత గట్టిగా పట్టుకుంటారో ఈ పత్రిక చదివే మనకు వేరే చెప్పనక్కర లేదు.

1950లో మడ్డీ వాటర్స్ 'రోలిన్ స్టోన్' అనే పాట రికార్డు చేశాడు. దొర్లే రాయి, అంటే ఒకచోట కుదురుగా ఉండని దేశదిమ్మరి. ఆ పాట కూడా పూర్తిగా ఆయన సొంతం కాదు. అంతకు ముందే నోటికి నోటికి తిరిగిన 'క్యాట్‌ఫిష్ బ్లూస్' అనే పాట మీద కట్టింది. డార్ట్‌ఫర్డ్ స్టేషనులో జాగర్ చంకలో ఉన్న మడ్డీ వాటర్స్ రికార్డులో ఈ పాట కూడా ఉంది.

1962లో బ్రయాన్ జోన్స్ అనే గిటారు వాద్యకారుడు బృందం కట్టాడు. ఇయాన్ స్టూవర్ట్ అనే పియానో వాద్యకారుడు ముందు చేరాడు, తర్వాత జాగర్, రిచర్డ్స్. పత్రికలో ప్రకటన కోసం బ్రయాన్ ఫోన్ చేస్తే, అవతలివారు బృందం పేరేమిటని అడిగారట. పేరు ఇంకా అనుకోలేదు. నేల మీద మడ్డీ వాటర్స్ రికార్డు అట్ట కనబడింది. కంటికి తగిలిన పాట పేరే చెప్పేశాడని రిచర్డ్స్ తర్వాత చెబుతూ వచ్చాడు. 1962 జూలై 12న లండన్ ఆక్స్‌ఫర్డ్ వీధిలోని మార్కీ క్లబ్బులో ఆ పేరుతో మొదటి కచేరీ జరిగింది. ఆ ఏడాది చివర బిల్ వైమన్ బేస్ గిటారుకు, 1963 జనవరిలో చార్లీ వాట్స్ డ్రమ్స్‌కు వచ్చారు.

పాటలు అప్పు. పేరు కూడా అప్పే. పెట్టుబడి అంతా అరువు మీద తెచ్చి వ్యాపారం మొదలుపెట్టారన్నమాట.

ఫొటోలోంచి తీసిన మనిషి

1963లో ఆండ్రూ ఓల్డమ్ అనే 19 ఏళ్ళ కుర్రాడు వారికి మేనేజరయ్యాడు. బీటిల్స్ బృందాన్ని వద్దని పంపించి నాలుక కరుచుకున్న డెక్కా రికార్డు కంపెనీ ఈసారి ఆలస్యం చెయ్యలేదు. ఒప్పందం కుదిరింది. జూన్ 7న మొదటి రికార్డు వచ్చింది. అది చక్ బెర్రీ పాట.

ఓల్డమ్ చేసిన మరో పని, ఇయాన్ స్టూవర్ట్‌ను బృందంలోంచి తప్పించడం. ఆరుగురు ఎక్కువ, పైగా స్టూవర్ట్ ముఖం అమ్ముడుపోయే ముఖం కాదు - ఇదీ కారణం. సంగీతంలో లోపమేమీ లేదు. స్టూవర్ట్ కోపంతో వెళ్ళిపోలేదు. వ్యాను నడిపాడు, సామాన్లు మోశాడు, రికార్డింగులో పియానో వాయించాడు. ఫొటోలో మాత్రం లేడు. 1985 డిసెంబరు 12న చనిపోయేదాకా, 22 ఏళ్ళు అలాగే ఉన్నాడు. 1989లో అమెరికాలోని రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఈ బృందాన్ని గౌరవించినప్పుడు, సభ్యుల జాబితాలో స్టూవర్ట్ పేరు కూడా ఉండాలని వారే కోరారు. ఉంచారు. చనిపోయిన మూడేళ్ళకు పేరు పద్దులోకి ఎక్కింది. ఆలస్యమే. కాని ఎప్పటికీ ఎక్కని పేర్లు ఎన్ని ఉన్నాయో బ్యాంకులో పనిచేసినవారికి, ఏ ఆఫీసులో పనిచేసినవారికైనా తెలుసు.

అరువు పాటలతో ఎంతకాలం? పాట రాసినవాడికి రాయల్టీ వస్తుంది. పాడినవాడికి దానిలో వాటా లేదు. ఓల్డమ్ ఈ లెక్క గ్రహించాడు. జాగర్, రిచర్డ్స్‌లను వంటింట్లో పెట్టి తాళం వేసి, పాట రాస్తేగాని బయటికి రానివ్వనన్నాడని ఒక కథ చెప్పుకుంటారు. కథ ఎలా ఉన్నా, వాళ్ళు రాయడం మొదలుపెట్టారు. బృందమంతా కలిసి కట్టిన పాటలకు 'నాంకర్ ఫెల్జ్' అనే లేని మనిషి పేరు పెట్టారు. అది ఉమ్మడి ఖాతా. తర్వాత ఆ ఖాతా మూసేశారు. జాగర్-రిచర్డ్స్ జంట ఖాతా మాత్రం పెరిగింది. 1965లో వచ్చిన 'సాటిస్‌ఫాక్షన్' అమెరికాలో వారికి మొదటి నంబర్ వన్ పాట. దాని గిటారు వరుస రిచర్డ్స్‌కు నిద్రలో తట్టిందంటారు. దాన్ని మొదట రికార్డు చెయ్యడానికి కూర్చున్నది ఎక్కడో తెలుసా? చికాగోలో, చెస్ వారి స్టూడియోలో.

అప్పిచ్చినవాడి గుమ్మంలో

చెస్ స్టూడియోలో వారు మొదటిసారి అడుగుపెట్టింది 1964 జూన్‌లో. సౌత్ మిచిగన్ అవెన్యూ, 2120 నంబరు. ఆ అడ్రసునే పేరుగా పెట్టి ఒక వాద్యగీతం కూడా రికార్డు చేశారు. అక్కడికి వెళ్ళినప్పుడు మడ్డీ వాటర్స్ నిచ్చెనెక్కి స్టూడియో పైకప్పుకు సున్నం వేస్తూ కనబడ్డాడని రిచర్డ్స్ ఎన్నోసార్లు చెప్పాడు. లియొనార్డ్ చెస్ కొడుకు మార్షల్ చెస్ అదంతా అబద్ధమన్నాడు. నేను ఇద్దరి మాటా రాసి ఊరుకుంటాను. సాక్షి సంతకం లేని వోచరు పాస్ చెయ్యలేం. కాని ఆ కథ ఇన్నేళ్ళు ఎందుకు బతికిందో ఊహించవచ్చు. అమెరికాలో ఆ పాటకు అప్పటికి దక్కుతున్న మర్యాద ఏపాటిదో అందరికీ తెలుసు.

ఇక్కడే ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైన మైలురాయి ఉంది. 1965 మే నెలలో 'షిండిగ్' అనే అమెరికా టెలివిజన్ కార్యక్రమానికి వీళ్ళను పిలిచారు. మేము రావాలంటే హౌలిన్ వుల్ఫ్‌ను కూడా పిలవాలని వీళ్ళు పట్టుబట్టారు. హౌలిన్ వుల్ఫ్ చెస్ కంపెనీ గాయకుడు, ఆరడుగులు దాటిన ఆజానుబాహుడు, అప్పటికి యాభై నాలుగేళ్ళవాడు. అంతకు ముందు ఏడాది చివర స్టోన్స్ పాడిన 'లిటిల్ రెడ్ రూస్టర్' బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. విల్లీ డిక్సన్ రాసిన ఆ పాటను 1961లో రికార్డు చేసినవాడు హౌలిన్ వుల్ఫే. అమెరికాలో తెల్లవారి ఇళ్ళలో మోగే టెలివిజన్‌లో, సాయంత్రం పూట, ఆయన పాడుతుంటే, స్టోన్స్ కుర్రాళ్ళు ఆయన చుట్టూ కింద కూర్చుని విన్నారు. తమ ఇంటి మనిషిని తమ టెలివిజన్‌లో చూడడానికి అమెరికావారికి ఇంగ్లండు కుర్రాళ్ళ సిఫారసు కావలసి వచ్చింది.

రాయని పేర్లు

అలాగని ఇదంతా ఋషుల చరిత్ర కాదు. పద్దులో కొట్టివేతలు కూడా చూపించాలి.

1968లో వచ్చిన 'బెగ్గర్స్ బాంక్వెట్' రికార్డులో 'ప్రాడిగల్ సన్' అనే పాట ఉంది. తప్పిపోయి తిరిగివచ్చిన కొడుకు గురించి బైబిల్లోని కథ. రికార్డు మీద జాగర్, రిచర్డ్స్ పేర్లు పడ్డాయి. నిజానికి అది రాబర్ట్ విల్కిన్స్ పాట. ఆయన 1929లో వేరే మాటలతో దాన్ని రికార్డు చేశాడు. తర్వాత బ్లూస్ మానేసి చర్చి బోధకుడయ్యాడు. 1960లలో బైబిలు కథను అదే బాణీలో కట్టి మళ్ళీ పాడాడు. స్టోన్స్ రికార్డు వచ్చేనాటికి ఆయన బతికే ఉన్నాడు. 1987 దాకా బతికాడు. తర్వాతి ముద్రణల్లో పేరు సరిదిద్దారు. 1969లో 'లెట్ ఇట్ బ్లీడ్'లో పాడిన 'లవ్ ఇన్ వెయిన్' రాబర్ట్ జాన్సన్ పాట. ఆయన 1938లోనే, 27 ఏళ్ళకే చనిపోయాడు. రికార్డు మీద 'వుడీ పేన్' అనే మరో పేరు కనబడింది. ఆ పాట ఎవరూ హక్కుదారు లేని ఉమ్మడి సొత్తని స్టోన్స్ పాత పాటల హక్కులున్న ఆబ్కో కంపెనీ వాదించింది. వ్యవహారం కోర్టుకెక్కి, 2000లో అమెరికా అప్పీలు కోర్టు అది ఉమ్మడి సొత్తు కాదని తేల్చింది.

మన దక్షిణాది సంగీతంలో ఈ చిక్కు అంతగా రాలేదు. తిరువయ్యారు త్యాగయ్య తన పేరును పాట చరణంలోనే కుట్టేశాడు. తెలుగు ఒక్క ముక్క రానివారు పాడినా ఆ చరణం చేరేసరికి ఆ పేరు పలకక తప్పదు. వాగ్గేయకారుడి ముద్ర అంటే అదే. బ్లూస్ పాటకు ఆ ముద్ర లేదు. పేరు ఉండవలసిన చోటు ఒక్కటే - రికార్డు మధ్యలో అతికించిన గుండ్రటి కాగితం. అది రాసేవాడి చేతిలో ఉంది అంతా.

పేరు ఉన్నంత మాత్రాన డబ్బు వచ్చిందనీ కాదు. మడ్డీ వాటర్స్, విల్లీ డిక్సన్ 1970లలో తమ రాయల్టీల కోసం చెస్ అన్నదమ్ములకు వాటా ఉన్న ఆర్క్ మ్యూజిక్ మీద దావా వెయ్యవలసి వచ్చింది. చివరికి రాజీ అయింది.

అప్పులవాడికి అప్పులవాడు

ఇతరుల పేరు మరచినవాడికి తన పేరు కూడా పోయే రోజు వస్తుంది. 1965లో ఎలెన్ క్లయిన్ అనే న్యూయార్కు అకౌంటెంటు వీరి వ్యాపార వ్యవహారాల్లోకి వచ్చాడు. డెక్కా నుంచి పెద్ద అడ్వాన్సు రాబట్టాడు, అందరూ సంతోషించారు. 1970లో అతన్ని వదిలించుకునే సమయానికి అసలు సంగతి బయటపడింది. 1960లలో రాసిన పాటల హక్కులు క్లయిన్ కంపెనీ అయిన ఆబ్కో చేతిలో ఉన్నాయి. ఇంగ్లండు ప్రభుత్వానికి కట్టవలసిన ఆదాయపు పన్ను పేరుకుపోయింది. చేతిలో ఉన్న డబ్బు పన్నుకు చాలదు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చదివినవాడు కూడా చిన్న అక్షరాలు చదవలేదు!

ఆ మధ్య కాలం బృందానికి చెడ్డకాలం. 1969 జూన్‌లో బృందం కట్టిన బ్రయాన్ జోన్స్‌ను బయటికి పంపారు. జూలై 3న ఆయన తన ఇంటి ఈతకొలనులో చనిపోయాడు. వయసు 27. రెండు రోజుల తర్వాత లండన్ హైడ్ పార్కులో ముందే అనుకున్న ఉచిత కచేరీని ఆయన స్మృతికి అంకితం చేసి జరిపారు. అదే ఏడాది డిసెంబరు 6న కాలిఫోర్నియాలోని ఆల్టమాంట్‌లో మరో ఉచిత కచేరీ. కాపలా పని హెల్స్ ఏంజెల్స్ అనే మోటారుసైకిళ్ళ ముఠాకు అప్పగించారు. వేదిక ముందే, పాట సాగుతుండగా, 18 ఏళ్ళ నల్లజాతి యువకుడు కత్తిపోట్లకు బలయ్యాడు. ఎవరి సంగీతం మీద వీళ్ళు నిలబడ్డారో ఆ జాతి కుర్రాడు. ఏ లెడ్జరులోనూ తీర్చలేని బాకీ అది.

డబ్బు లెక్క చక్కదిద్దినవాడు మా వృత్తివాడే. రూపర్ట్ లోవెన్‌స్టైన్, రాజవంశపు మనిషి, లండన్‌లో మర్చంట్ బ్యాంకరు. రాక్ సంగీతమంటే ఆయనకు ఇష్టం లేదు. ఆ మాట దాచుకోలేదు. దాదాపు నాలుగు దశాబ్దాలు, 2007 దాకా, ఆ సంగీతపు లెక్కలు చూశాడు. ఆయన సలహా మీదనే 1971 వసంతంలో బృందం పన్ను భారం తప్పించుకోవడానికి ఇంగ్లండు వదిలి ఫ్రాన్సు వెళ్ళింది. పేరుకు తగ్గట్టు దేశం పట్టారు. దక్షిణ తీరంలో రిచర్డ్స్ అద్దెకు తీసుకున్న నెల్కోట్ అనే భవనం నేలమాళిగలో, ఉక్కలో, చెమటలో వాయించినదే 1972లో వచ్చిన 'ఎక్సైల్ ఆన్ మెయిన్ స్ట్రీట్'. ప్రవాసమే పేరుగా పెట్టుకున్న ఆ జంట రికార్డును వారి పనిలో మేలైనదని చాలామంది అంటారు. సొంత రికార్డు కంపెనీ కూడా పెట్టుకున్నారు. దాన్ని నడపడానికి ఎవరిని తెచ్చారనుకున్నారు? సున్నం కథ అబద్ధమన్న మార్షల్ చెస్‌నే.

ఆ కంపెనీకి గుర్తు కావాలి. లండన్‌లో బొమ్మల కాలేజీ విద్యార్థి జాన్ పాష్ నాలుక చాపిన ఎర్రటి నోరు గీశాడు. ఇచ్చింది 50 పౌండ్లు. తర్వాత మరికొంత ముట్టజెప్పారు. 2008లో లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం ఆ అసలు బొమ్మను 50 వేల పౌండ్లు దాటిన ధరకు కొన్నది.

భాగస్వాములు, ఉద్యోగులు

బ్రయాన్ స్థానంలో వచ్చిన మిక్ టేలర్ గొప్ప గిటారు వాద్యకారుడు. 1974 డిసెంబరులో విడిచి వెళ్ళాడు. పాటల్లో తన పాలు ఉన్నా తన పేరు పడలేదని తర్వాత చెప్పుకున్నాడు. మొత్తం 'ఎక్సైల్'లో ఆయన పేరు రచయితగా పడింది ఒక్క పాటకు. ఆ తర్వాత వచ్చిన రానీ వుడ్ చాలా ఏళ్ళు జీతం మీద పనిచేసి, ఆ తర్వాతే భాగస్వామి అయ్యాడు. బిల్ వైమన్ 30 ఏళ్ళు పనిచేసి 1993లో తప్పుకున్నాడు. ఆయన స్థానంలో 1994 నుంచి బేస్ గిటారు వాయిస్తున్న డారిల్ జోన్స్ చికాగోవాడు, నల్లజాతివాడు. ఆయనకు భాగస్వామ్యం ఇవ్వలేదు.

1980లలో జాగర్, రిచర్డ్స్ మాటలు లేనంతగా విడిపోయారు. పత్రికల్లోనే ఒకరినొకరు తిట్టుకున్నారు. సంస్థ మూతపడిందనే అందరూ అనుకున్నారు. 1989 జనవరిలో బార్బడోస్ దీవిలో ఇద్దరూ కలిసి కూర్చున్నారు. పాటలు రాశారు. 'స్టీల్ వీల్స్' వచ్చింది, ప్రపంచయాత్రలు మొదలయ్యాయి. ఆ యాత్రల్లో ఒకటే 2003లో బెంగుళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కు, మూడు రోజుల తర్వాత బొంబాయి బ్రబోర్న్ స్టేడియానికి వచ్చింది. నేను బస్సెక్కి ఇంటికి వెళ్ళిపోయిన కచేరీ అదే.

తీర్చిన రోజులు

1981 నవంబరు 22న చికాగోలోని చెకర్‌బోర్డ్ లౌంజ్ అనే చిన్న క్లబ్బులో మడ్డీ వాటర్స్ పాడుతున్నాడు. పెద్ద పెద్ద స్టేడియాలు నింపుతున్న స్టోన్స్ ఆ రాత్రి ఆ క్లబ్బుకు వెళ్ళారు. ఆయన పేరు పెట్టి పిలిస్తే లేచి వేదికెక్కి పక్కన పాడారు. ఏడాదిన్నరకు, 1983 ఏప్రిల్ 30న, మడ్డీ వాటర్స్ కన్నుమూశాడు.

2015 డిసెంబరులో కొత్త రికార్డు కోసం లండన్‌లో కూర్చున్నారు. చెయ్యి కుదరడానికి ఒక పాత బ్లూస్ పాట వాయించారు, ఆపలేదు. మూడు రోజుల్లో రికార్డు సిద్ధమైంది. 2016 డిసెంబరులో విడుదలైన ఆ 'బ్లూ అండ్ లోన్‌సమ్'లో 12 పాటలు. జాగర్-రిచర్డ్స్ రాసినది ఒక్కటీ లేదు. ప్రతి పాట పక్కనా దాన్ని రాసినవారి పేరు ఉంది. 1964 నాటి క్యాసెట్ కాగితం నాకు గుర్తొచ్చింది. అప్పుడు సొంత పాటలు లేక అరువు తెచ్చుకున్నారు. ఇప్పుడు సొంత పాటలు వందల్లో ఉండి, తెలిసి తెచ్చుకున్నారు. రెండూ ఒకటి కాదు.

2019లో మరో లెక్క తేలింది. 1997లో రిచర్డ్ ఆష్‌క్రాఫ్ట్ అనే ఇంగ్లండు గాయకుడి బృందం 'బిటర్ స్వీట్ సింఫనీ' అనే పాట చేసింది. అందులో స్టోన్స్ పాట 'ది లాస్ట్ టైమ్'కు 1965లో ఓల్డమ్ చేయించిన వాద్యబృందపు రూపంలోంచి ఒక తునక వాడుకున్నారు. ఒప్పుకున్న దానికంటే ఎక్కువ వాడారని క్లయిన్ పక్షం పట్టుకుంది. ఆ కుర్రాడి పాట రాయల్టీ అంతా పోయింది. రచయితలుగా జాగర్, రిచర్డ్స్ పేర్లు చేరాయి. తమాషా ఏమిటంటే, ఆ 'ది లాస్ట్ టైమ్' కూడా స్టేపుల్ సింగర్స్ అనే నల్లజాతి కుటుంబం పాడిన భక్తిగీతం నుంచి పుట్టింది. 22 ఏళ్ళ తర్వాత, 2019 మేలో, జాగర్, రిచర్డ్స్ ఆ పాట మీద తమ హక్కు వదులుకుని ఆష్‌క్రాఫ్ట్‌కు రాసి ఇచ్చేశారు. వసూలు చేసే అధికారం ఉండీ వదులుకోవడం బ్యాంకులో మేము అరుదుగా చూసే విషయం. ఆ వాద్యపు వరుసలు కట్టిన డేవిడ్ విటేకర్ పేరు మాత్రం రచయితల పద్దులో లేదు. అన్ని లెక్కలూ ఒకేరోజు టాలీ కావు.

2021 ఆగస్టు 24న చార్లీ వాట్స్ 80వ ఏట చనిపోయాడు. మన 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, భాగస్వామి మరణంతో సంస్థ రద్దవుతుంది. పరీక్ష కోసం బట్టీపట్టిన ఆ సెక్షను ఆ రోజు గుర్తొచ్చింది. వీళ్ళ ఒప్పందం వేరుగా ఉన్నట్టుంది. సెప్టెంబరు 26న సెయింట్ లూయిస్ నగరంలో కచేరీ మొదలైంది. ముందుగా తెర మీద చార్లీ ఫొటోలు, చార్లీ డ్రమ్స్ చప్పుడు. ఈసారి ఫొటోలోంచి మనిషిని తియ్యలేదు.

2023 అక్టోబరు 20న 'హాక్నీ డైమండ్స్' వచ్చింది. రెండు పాటల్లో చార్లీ బతికున్నప్పుడు వాయించిన డ్రమ్స్ ఉన్నాయి. ఒక పాటలో ముప్పై ఏళ్ళ కిందట వెళ్ళిపోయిన బిల్ వైమన్ వచ్చి బేస్ వాయించాడు. మిగతా అంతా రొద. చివరి పాటకు వచ్చేసరికి మాత్రం ఇద్దరే మిగిలారు. గిటారుతో రిచర్డ్స్, హార్మోనికాతో జాగర్. డార్ట్‌ఫర్డ్ ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ ఆ ఇద్దరే. పాడిన పాట మడ్డీ వాటర్స్ 'రోలిన్ స్టోన్'. తమకు పేరిచ్చిన ఆ పాటను 61 ఏళ్ళు రికార్డు చెయ్యకుండా ఉండి, ఎనభై ఏళ్ళ వయసులో చేశారు.

దీనితో బాకీ తీరిందా అని అడిగితే, ఆఫీసరుగా నేను తీరిందని సంతకం పెట్టను. వీళ్ళు ఆ పాటల మీద సంపాదించినదానికీ, ఆ పాటలు కట్టినవారు తిన్నదానికీ పొంతన లేదు. కాని అప్పు ఎగ్గొట్టేవాళ్ళను ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను. వాళ్ళు మొదట చేసే పని ఇచ్చినవాడి పేరు మరిచిపోవడం. వీళ్ళు కొన్నిసార్లు మరిచారు, ఎక్కువసార్లు గుర్తుపెట్టుకున్నారు, చివరికి ఆ పేరు దగ్గరికే వచ్చి ఆగారు.

ఆ క్యాసెట్ ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. టేపు సాగిపోయి పాట సరిగా వినబడదు. కాగితం మీద చిన్న అక్షరాలు మాత్రం బాగానే కనబడుతున్నాయి.